ఎక్స్‌పోర్ట్ అయ్యాక వీడియో నిడివి మారిపోతే: రేంజ్ సరిచేయాలా, రీమక్స్ చేయాలా, మళ్లీ ఎన్‌కోడ్ చేయాలా?

టైమ్‌లైన్‌లో సరిగ్గా పది నిమిషాలున్న వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యాక పది నిమిషాల అర సెకను చూపించవచ్చు, పన్నెండు నిమిషాలు చూపించవచ్చు, లేదా చివర ఇరవై నిమిషాల నల్ల తెర తగిలించుకుని అరగంట అయిపోవచ్చు. మూడింటినీ "డ్యూరేషన్ తప్పు వస్తోంది" అనే ఒక్క మాటతోనే చెప్పుకుంటాం. నిజానికి మూడూ వేర్వేరు జబ్బులు. మొదటిదానికి చాలాసార్లు మందే అక్కర్లేదు. రెండోదానికి సోర్స్ ఫైళ్ల దాకా వెనక్కి వెళ్లాల్సి రావచ్చు. మూడోది రెండు క్లిక్కుల పని.

ఈ తేడా గమనించకపోతే బిట్‌రేట్ మార్చి ఒకసారి, ప్రీసెట్ మార్చి ఇంకోసారి రెండర్ కొడుతూ పూట గడిచిపోతుంది. బిట్‌రేట్ పెంచితే ఫైలు బరువెక్కుతుంది గానీ నిడివి కదలదు. కాబట్టి మళ్లీ రెండర్ బటన్ నొక్కేముందు ఐదు నిమిషాలు కొలతకు కేటాయించండి. ఏ మార్గం ఎంచుకోవాలో ఆ కొలతే చెబుతుంది.

## ముందుగా కొలత

కావాల్సినవి నాలుగు అంకెలు: టైమ్‌లైన్‌లో ఎన్ని ఫ్రేములున్నాయి, ఎక్స్‌పోర్ట్ ఫైలులో ఎన్ని ఫ్రేములున్నాయి, ఆ ఫైలులో వీడియో ట్రాక్ నిడివి ఎంత, ఆడియో ట్రాక్ నిడివి ఎంత.

టైమ్‌లైన్ వైపు చాలామంది పొరపడేది చివరి టైమ్‌కోడ్‌ను (గంటలు:నిమిషాలు:సెకన్లు:ఫ్రేములు చూపించే అంకెను) నిడివి అనుకోవడం దగ్గర. డావిన్చి రిజాల్వ్‌లో టైమ్‌లైన్ మామూలుగా 01:00:00:00 దగ్గర మొదలవుతుంది. చివర 01:10:00:00 కనిపిస్తే వీడియో పది నిమిషాలదే, గంటా పది నిమిషాలది కాదు. ప్రీమియర్ ప్రోలో టైమ్‌కోడ్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రేముల లెక్కకు మార్చుకుంటే గందరగోళం ఉండదు.

ఫైలు వైపు ఫోల్డర్ విండోలో కనిపించే నిడివిని నమ్మొద్దు. అది కంటైనర్ (బొమ్మ, ధ్వని ట్రాకులను కలిపి ఉంచే పెట్టె, ఎంపీ4 లాంటిది) మొత్తానికీ కలిపి ఒక్క అంకె చూపిస్తుంది, అదీ పూర్తి సెకన్లకు కుదించి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి టెక్స్ట్ వ్యూ పెట్టండి. జనరల్, వీడియో, ఆడియో అని మూడు భాగాలు వస్తాయి, ఒక్కోదానికీ సొంత డ్యూరేషన్ ఉంటుంది. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ఫ్రేముల సంఖ్య, మిల్లీసెకన్లు కూడా కనిపిస్తాయి. హెడర్‌లో (ఫైలు తన గురించి తాను రాసుకున్న వివరాల్లో) ఉన్న సంఖ్య మీదే అనుమానం ఉంటే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ అనే కమాండ్ లైన్ పనిముట్టుతో ఫ్రేములన్నీ విప్పించి లెక్కపెట్టించండి. టైమ్ తీసుకుంటుంది, కానీ ఆ లెక్కకు తిరుగులేదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. అదే సెట్టింగులతో మొదటి ఒక్క నిమిషం ఒకసారి, మొదటి ఐదు నిమిషాలు ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేయండి. రెండింట్లోనూ తేడా ఒకేలా, ఉదాహరణకు 40 మిల్లీసెకన్లే ఉంటే సమస్య వీడియో అంచుల్లో ఉంది: మొదట్లోనో, చివర్లోనో, హెడర్‌లోనో. ఐదు నిమిషాల ముక్కలో తేడా ఐదింతలైతే సమస్య వేగంలో ఉంది, అంటే ఫ్రేమ్‌రేట్‌లోనో (సెకనుకు ఎన్ని ఫ్రేములు) శాంపుల్ రేట్‌లోనో (సెకనుకు ఎన్ని ధ్వని శాంపుళ్లు). రెండు ముక్కలూ సరిగ్గా వచ్చి పూర్తి వీడియోలోనే తేడా ఉంటే, టైమ్‌లైన్ చివర ఏదో మిగిలిపోయింది, లేదా మధ్యలో ఏదో ఒక క్లిప్ గడబిడ చేస్తోంది.

తేడా వేగంలోనే ఉందని తేలితే ఎక్స్‌పోర్ట్ నిడివిని టైమ్‌లైన్ నిడివితో భాగించండి. వచ్చే నిష్పత్తి దాదాపు ఎప్పుడూ కింది పట్టికలో ఏదో ఒక వరుసకు సరిపోతుంది.

| నిష్పత్తి | 600 సెకన్ల వీడియో ఎంత అవుతుంది | సాధారణ కారణం |
|---|---|---|
| 1.001 | 600.6 సెకన్లు | 24కు బదులు 23.976, లేదా 30కి బదులు 29.97, నాన్ డ్రాప్ టైమ్‌కోడ్ (వివరణ మొదటి మార్గంలో) |
| 0.999 | 599.4 సెకన్లు | పై దానికి తిరగేసినది |
| 0.96 | 576 సెకన్లు | 24 ఫ్రేములవి 25 వేగంతో ఆడటం |
| 1.042 | 625 సెకన్లు | 25వి 24 వేగంతో ఆడటం |
| 1.2 | 720 సెకన్లు | 30వి 25 వేగంతో ఆడటం |
| 1.25 | 750 సెకన్లు | 30వి 24 వేగంతో ఆడటం |
| 2 లేదా 0.5 | 1200 లేదా 300 సెకన్లు | 60, 30 మధ్య తారుమారు |
| 1.088 | 653 సెకన్లు (ఆడియో) | 48 కిలోహెర్ట్జ్ ధ్వనిని 44.1గా చదవడం |

ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఎక్స్‌పోర్ట్ విండోలో ఫ్రేమ్‌రేట్ మార్చినంత మాత్రాన నిడివి మారకూడదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొన్ని ఫ్రేములు వదిలేసో, కొన్నింటిని రెండేసిసార్లు పెట్టో నిడివిని కాపాడుతుంది. ఫ్రేముల సంఖ్య అలాగే ఉండి, వాటి మీద వేగం లేబుల్ మాత్రం మారినప్పుడే పట్టికలోని నిష్పత్తులు వస్తాయి. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో (క్లిప్‌ను ఏ వేగంతో చదవాలో చెప్పే సెట్టింగులో) వేరే ఫ్రేమ్‌రేట్ పెట్టి మరిచిపోవడం, ఇమేజ్ సీక్వెన్స్‌కు (ఒక్కో ఫ్రేమూ ఒక్కో బొమ్మ ఫైలుగా ఉన్న వరుసకు) వేగం చెప్పకపోవడం ఇలాంటివే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కన్వర్టర్‌కు మనం చెప్పకపోతే ఇమేజ్ సీక్వెన్స్‌ను 25 అనుకుంటుంది. 30 ఫ్రేముల యానిమేషన్ 1.2 రెట్లు సాగిపోవడానికి ఇదో మామూలు కారణం. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో 24 ఫ్రేముల సీన్‌లో 30 ఫ్రేముల వీడియో వేస్తే బొమ్మ సాగి ధ్వని పొట్టిగా మిగిలేది కూడా ఇందుకే.

## ఏ లెక్కన ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఫైలు ఎవరికి వెళ్తోందన్నది. సోషల్ మీడియాలో పెట్టే వీడియోకు రెండు ఫ్రేముల తేడా ఎవరికీ పట్టదు. 30 సెకన్ల ప్రకటనను టీవీ ప్రసారానికి ఇస్తుంటే ఒక్క ఫ్రేము ఎక్కువైనా ఫైలు వెనక్కి రావచ్చు. సబ్‌టైటిళ్లు విడిగా ఉన్న వీడియోకు చివర రెండు ఫ్రేములు ఎక్కువైనా ఫర్వాలేదు గానీ, 1.001 నిష్పత్తి మాత్రం గంట దాటేసరికి మూడున్నర సెకన్ల దెబ్బ కొడుతుంది.

రెండోది, ప్రాజెక్టు, సోర్స్ ఫైళ్లు మీ దగ్గర ఉన్నాయా లేదా. ఉంటే దాదాపు ప్రతి సమస్యకూ శుభ్రమైన మార్గం ఉంది. ఎక్స్‌పోర్ట్ ఫైలు ఒక్కటే మిగిలితే దారులు రెండో మూడో.

నాణ్యత, సమయం వీటి తర్వాతే. అవసరం లేకుండా మళ్లీ ఎన్‌కోడ్ చేయడమే నా దృష్టిలో పెద్ద నష్టం, ఎందుకంటే హెచ్.264 (వీడియోను కుదించి రాసే మామూలు పద్ధతి) ఫైలును మరోసారి హెచ్.264లోకి మార్చిన ప్రతిసారీ ఎంతో కొంత వివరం పోతుంది. నిడివి బాగుపడిందో లేదో తెలియకముందే బొమ్మ పాడవుతుంది.

## మొదటి మార్గం: ఉన్నదున్నట్టు వదిలేయడం

వీడియో ట్రాక్ నిడివి సరిగ్గా ఉండి, ఆడియో ట్రాక్ 20 నుంచి 50 మిల్లీసెకన్లు ఎక్కువ చూపిస్తుంటే చేయాల్సిందేమీ లేదు. ఏఏసీ అనే ధ్వని కుదింపు పద్ధతి ధ్వనిని 1024 శాంపుళ్ల ముక్కలుగా కడుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ముక్క 21.3 మిల్లీసెకన్లు. మీ వీడియో ఆ ముక్కల మధ్యలో ముగిస్తే చివరి ముక్కను నిశ్శబ్దంతో నింపుతుంది. దానికితోడు ఎన్‌కోడర్ మొదట్లో కొంత ఖాళీ వేసుకుంటుంది. కొన్ని ఎన్‌కోడర్లలో ఇది 1024 శాంపుళ్లు, యాపిల్ ఎన్‌కోడర్‌లో 2112. ఆ ఖాళీని దాటేయమని ఎంపీ4లో ఎడిట్ లిస్ట్ అనే చీటీ ఉంటుంది. దాన్ని చదివే ప్లేయర్ ఒక నిడివి, చదవని ప్లేయర్ ఇంకో నిడివి చూపిస్తాయి. కంటైనర్ నిడివి అంటే అన్నిటికన్నా పొడవైన ట్రాక్ నిడివి కాబట్టి మొత్తం అంకె కూడా ఆ కాస్త పెరుగుతుంది.

ప్లేయర్లు సెకన్లను కుదించే తీరు కూడా వేరు. 599.97 సెకన్లను ఒకటి 9:59 అంటుంది, మరొకటి 10:00 అంటుంది. అప్‌లోడ్ చేశాక ఒక సెకను తగ్గిందనిపిస్తే ముందు ఇదే అనుమానించండి.

ఇక నాన్ డ్రాప్ టైమ్‌కోడ్. 29.97 టైమ్‌లైన్‌లో ఈ పద్ధతి 30 ఫ్రేములకు ఒక సెకను లెక్కేస్తుంది, కానీ ఆ 30 ఫ్రేములు ఆడటానికి సెకను కన్నా కొంచెం ఎక్కువ పడుతుంది. టైమ్‌లైన్ 00:10:00:00 చూపించే చోట 18000 ఫ్రేములుంటాయి, వాటి నిజమైన నిడివి 600.6 సెకన్లు. గంటకు ఈ తేడా 3.6 సెకన్లు. ఇందులో ఎక్స్‌పోర్ట్ తప్పేం లేదు, టైమ్‌కోడే గడియారంతో కలవడం లేదు. 29.97కు డ్రాప్ ఫ్రేమ్ లెక్కకు మారితే రెండూ కలుస్తాయి: ప్రతి నిమిషం మొదట్లో రెండు ఫ్రేమ్ నంబర్లను దాటేస్తుంది, ప్రతి పదో నిమిషంలో మాత్రం దాటదు. నంబర్లే పోతాయి, ఫ్రేములు పోవు. 23.976కు డ్రాప్ ఫ్రేమ్ పద్ధతి లేదు కాబట్టి అక్కడ గంటకు 3.6 సెకన్ల తేడాను లెక్కలో పెట్టుకుని నడవాల్సిందే.

అంటే 1.001 నిష్పత్తి కనిపించగానే కంగారుపడొద్దు. ఫ్రేముల సంఖ్య రెండుచోట్లా ఒకటే ఉండి, బొమ్మా ధ్వనీ చివరిదాకా కలిసే ఉంటే ఫైలు ఆరోగ్యంగా ఉన్నట్టే.

## రెండో మార్గం: రేంజ్ సరిచేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్

చివర నల్ల తెర, లేదా మధ్యలోనే ఆగిపోయిన వీడియో అయితే మొదట ఇక్కడే వెతకండి.

టైమ్‌లైన్ మొత్తం తెరలో కనిపించేలా జూమ్ అవుట్ చేయండి: ప్రీమియర్‌లో బ్యాక్‌స్లాష్, రిజాల్వ్‌లో షిఫ్ట్‌తో జెడ్. ఎక్కడో దూరాన పిన్నీసు తల అంత క్లిప్ ఒకటి కనిపిస్తుంది. కట్ చేసి మరిచిపోయిన ఒక ఫ్రేము ధ్వని కావచ్చు, ఏమీ రాయని టైటిల్ కావచ్చు, వీడియో కన్నా పొడుగ్గా వేసిన అడ్జస్ట్‌మెంట్ లేయర్ కావచ్చు. మ్యూట్ చేసిన ట్రాకుల మీద, కంటి గుర్తు నొక్కి దాచిన ట్రాకుల మీద కూడా చూడండి. జూమ్ చేసినా కనిపించనంత చిన్నదైతే, అసలు వీడియో చివర ప్లేహెడ్ పెట్టి డౌన్ యారో (ప్రీమియర్‌లో షిఫ్ట్‌తో డౌన్ యారో) నొక్కండి. మిగిలిన క్లిప్ దగ్గరికి అదే గెంతుతుంది.

తర్వాత ఇన్, అవుట్ పాయింట్లు, అంటే ఎక్స్‌పోర్ట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే గుర్తులు. ఎప్పుడో ఒక ముక్క పరీక్షించడానికి పెట్టినవి అలాగే ఉండిపోతాయి. ప్రీమియర్‌లో విండోస్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ కలిపి నొక్కితే రెండూ పోతాయి. రిజాల్వ్‌లో ఆల్ట్‌తో ఎక్స్. ఆపైన ఎక్స్‌పోర్ట్ విండోలో రేంజ్ దగ్గర మొత్తం సీక్వెన్స్ అని ఉందో లేదో చూడండి. రిజాల్వ్ డెలివర్ పేజీలో ఇది ఎంటైర్ టైమ్‌లైన్, ఇన్/అవుట్ రేంజ్ అని రెండు ఎంపికలుగా ఉంటుంది. కేడెన్‌లైవ్‌లో పూర్తి ప్రాజెక్ట్, ఎంచుకున్న జోన్ అని ఉంటాయి.

కొందరికి సరిగ్గా ఒకే ఒక ఫ్రేము ఎక్కువ వస్తుంది, అదీ నల్లగా. కారణం చిన్నది. ఎండ్ కీ నొక్కితే ప్లేహెడ్ చివరి ఫ్రేము తర్వాత నిలబడుతుంది. అక్కడే అవుట్ పాయింట్ పెట్టే ఓ (O) కీ నొక్కితే ప్రీమియర్ ఆ ఖాళీ ఫ్రేమును కూడా లోపలికి లెక్కేస్తుంది. ఎడమ యారో ఒకసారి నొక్కి, చివరి బొమ్మ కనిపించాక ఓ కీ నొక్కండి.

రెండు మూడు సెకన్లు ఎక్కువై చివర యాప్ లోగో కనిపిస్తుంటే అది మొబైల్ యాప్ తనంతట తాను తగిలించిన ముగింపు క్లిప్. టైమ్‌లైన్ చివర దాన్ని ఎంచుకుని తీసేయొచ్చు, సెట్టింగుల్లో శాశ్వతంగా ఆపేయొచ్చు.

ఫైలు పొట్టిగా వచ్చి, సైజు సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగిపోతే రేంజ్‌లో తప్పు లేదు. డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది, అది ఒక ఫైలును అంతకు మించి పెరగనివ్వదు. 50 మెగాబిట్ల బిట్‌రేట్‌తో పదకొండున్నర నిమిషాలకే ఆ హద్దు వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌కో కంప్యూటర్ సొంత డిస్కుకో ఎక్స్‌పోర్ట్ చేయండి.

## మూడో మార్గం: రీమక్స్

రీమక్స్ అంటే లోపలి బొమ్మను, ధ్వనిని ముట్టుకోకుండా పెట్టె మాత్రం మార్చడం. నాణ్యత నష్టం సున్నా. గంట వీడియో కూడా డిస్కు వేగాన్ని బట్టి నిమిషం రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఇది పనిచేసేది హెడర్‌లో రాసిన నిడివి తప్పైనప్పుడే. బ్రౌజర్‌లో రికార్డు చేసిన వెబ్‌ఎమ్ ఫైలులో తరచుగా నిడివే ఉండదు, అందుకే ప్లేయర్‌లో స్లైడర్ జరగదు, నిడివి సున్నా చూపిస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ఫైళ్లకు (టీవీ ప్రసారాల్లో వాడే .ts) నిడివి రాసుకునే హెడరే లేదు. ప్లేయర్ బిట్‌రేట్‌ను బట్టి అంచనా కడుతుంది, ఆ అంచనా తరచూ తప్పుతుంది. కంప్యూటర్ ఆగిపోయి మధ్యలో తెగిన ఎమ్‌కేవీ కూడా తెరుచుకుంటుంది, నిడివి మాత్రం చెప్పదు. ఎంపీ4 అలా కాదు. దాని సూచిక సాధారణంగా చివర రాస్తారు కాబట్టి మధ్యలో తెగితే అసలు తెరుచుకోదు. మీ ఎంపీ4 తెరుచుకుని పొట్టిగా ఉందంటే, ఎక్స్‌పోర్ట్ తెగిపోవడం కన్నా రేంజ్ తప్పు అయ్యే అవకాశమే ఎక్కువ.

పనిముట్లలో షట్టర్ ఎన్‌కోడర్‌లో రీరాప్ అనే ఫంక్షన్ ఎంచుకోవడం అన్నిటికన్నా సులువు. ఎమ్‌కేవీ టూల్‌నిక్స్ ఇంకొంచెం లోతుగా పనిచేస్తుంది. వీడియో ట్రాక్‌ను ఎంచుకుని డిఫాల్ట్ డ్యూరేషన్ గడిలో సరైన ఫ్రేమ్‌రేట్ ఇస్తే, తప్పు లేబుల్ పడిన బొమ్మకు మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండానే అసలు వేగం వస్తుంది. ఉదాహరణకు 24 వేగంతో ఆడుతున్న 30 ఫ్రేముల వీడియో. ఇది స్థిర ఫ్రేమ్‌రేట్ ఉన్న ఫైళ్లకే చేయండి, ఎందుకంటే పాత టైమ్‌స్టాంపులన్నీ చెరిగిపోతాయి. స్ట్రెచ్ బై అని ఇంకో గడి ఉంది. దాన్ని వీడియోకు, సబ్‌టైటిళ్లకు వాడొచ్చు గానీ ధ్వని ట్రాకుకు వాడకూడదు: టైమ్‌స్టాంపులు జరుగుతాయి, శాంపుళ్లు మాత్రం అన్నే ఉంటాయి, దాంతో ధ్వని చిట్లుతుంది.

చివరనున్న నల్ల తెరను కోయడానికి లాస్‌లెస్‌కట్ బాగుంటుంది. మొదట్లో కోయడం మాత్రం దానితో అంత నిక్కచ్చిగా కుదరదు. కోత కీఫ్రేము (వేరే ఫ్రేముల మీద ఆధారపడకుండా పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము) దగ్గరే మొదలవ్వాలి, హెచ్.264 తయారుచేసే ఎక్స్‌264 ఎన్‌కోడర్ మామూలుగా 250 ఫ్రేముల దాకా కీఫ్రేము లేకుండా సాగుతుంది. అందుకే మొదట్లో రెండు సెకన్లు కోస్తే కొన్ని సెకన్లు అటూ ఇటూ అయి కొత్త నిడివి తేడా పుడుతుంది.

## నాలుగో మార్గం: సోర్స్‌ను స్థిర ఫ్రేమ్‌రేట్‌కు మార్చడం

ఫోన్ వీడియోలు, స్క్రీన్ రికార్డింగులు, ఆన్‌లైన్ కాల్ రికార్డింగులు. ఈ మూడింటితో పనిచేసేవాళ్లకు నిడివి తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడి నుంచే, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఫోన్‌లో 30 అని పెట్టినా వెలుతురు తగ్గినప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుంటుంది. స్క్రీన్ రికార్డర్లు తెర కదలనప్పుడు కొత్త ఫ్రేమే రాయకపోవచ్చు. ఫలితంగా ఫ్రేముల మధ్య దూరం మారుతూ పోతుంది. మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని, కింద కనిష్ఠం, గరిష్ఠం కనిపిస్తాయి. పది నిమిషాల వీడియోకు సగటు 29.6 అనుకుందాం. మొత్తం 17760 ఫ్రేములు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వీటిని వరసగా 30 లెక్కన పేర్చితే బొమ్మ 592 సెకన్లకే అయిపోతుంది, ధ్వని మాత్రం 600 సెకన్లూ ఉంటుంది. మొదట్లో పెదవులు కలుస్తాయి, చివరికొచ్చేసరికి ఎనిమిది సెకన్ల ఎడం. తేడా పోనుపోను పెరగడమే దీని గుర్తు.

ప్రీమియర్‌లో క్లిప్‌ను ఎంచుకుని ఎఫెక్ట్ కంట్రోల్స్‌లో సోర్స్ భాగం చూస్తే ఇలాంటి క్లిప్పులకు రెండు ఎంపికలు ఉంటాయి: ధ్వనితో కలిపి ఉంచడం, సాఫీగా ఆడించడం. మాటలున్న వీడియోకు మొదటిదే ఉండాలి. చాలాసార్లు ఈ ఒక్క మార్పుతోనే పని అయిపోతుంది. అవ్వకపోతే, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎంపికే లేకపోతే, మార్చేయడమే మేలు.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో ఇలా: ఫైలు తెరవండి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ దగ్గర మీ టైమ్‌లైన్ వేగం ఎంచుకోండి, 30 అయితే 30, 29.97 అయితే 29.97. పక్కనే కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టండి. చాలామంది తప్పేది ఈ గడిలోనే, ఎందుకంటే ఫాస్ట్ 1080పీ30 ప్రీసెట్‌లో పీక్ ఫ్రేమ్‌రేట్ ఉంటుంది. అది 30ని గరిష్ఠంగా మాత్రమే చూస్తుంది, లోపల ఫ్రేమ్‌రేట్ మారుతూనే ఉంటుంది. ఎక్స్‌264 ఎన్‌కోడర్, క్వాలిటీ 16 నుంచి 18 మధ్య. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. సమరీ ట్యాబ్‌లో అలైన్ ఏ/వీ స్టార్ట్ టిక్ చేయండి, బొమ్మ ధ్వని ఒకేచోట మొదలవుతాయి. ధ్వని 48 కిలోహెర్ట్జ్.

ఎడిటింగ్ మొదలుపెట్టకముందే ఇది చేస్తే పని హాయిగా సాగుతుంది. ఎడిటింగ్ అయిపోయాక చేయాల్సి వస్తే ప్రీమియర్‌లో రిప్లేస్ ఫుటేజ్‌తో కొత్త ఫైలును పాత దాని స్థానంలో పెట్టొచ్చు, కట్లన్నీ అలాగే ఉంటాయి. కానీ కొత్త ఫైలులో ఫ్రేముల స్థానాలు కాస్త జరిగి ఉంటాయి, కాబట్టి ప్రతి కట్ దగ్గరా ఒకటి రెండు ఫ్రేముల తేడా ఉందేమో కంటితో చూసుకోవాలి. నలభై కట్లున్న వీడియోకు ఇది పావుగంట పని, నాలుగు వందల కట్లున్నదానికి పూటంతా పడుతుంది. అంత ఓపిక లేనప్పుడు బాగా జారిన క్లిప్పులను మాత్రమే మార్చండి.

## ఐదో మార్గం: తయారైన ఫైలునే సాగదీయడం

ప్రాజెక్టు పోయింది, ఎక్స్‌పోర్ట్ ఫైలే మిగిలింది, నిష్పత్తి పట్టికలో ఏదో ఒక వరుసకు సరిపోయింది. అప్పుడే దీనికి దిగండి. ఫైలును కొత్త ప్రాజెక్టులోకి తెచ్చి ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో అసలు ఫ్రేమ్‌రేట్ ఇవ్వాలి, ఆ వేగం ఉన్న సీక్వెన్స్‌లో వేసి ఎక్స్‌పోర్ట్ చేయాలి. ధ్వని కూడా అదే నిష్పత్తిలో తప్పిందా, లేక బొమ్మ ఒక్కటేనా అన్నది ముందు తేల్చుకోండి. బొమ్మ ఒక్కటే తప్పితే ధ్వనిని విడదీసి తాకకుండా ఉంచాలి.

24, 25 మధ్య మార్పుకు ధ్వని శ్రుతి 0.7 సెమిటోను కదులుతుంది, పాట ఉంటే చెవికి తెలుస్తుంది. పిచ్ మారకుండా ఉంచే ఎంపికను టిక్ చేయండి. 1.001 నిష్పత్తికి ఆ అవసరం లేదు, ఆ కాస్త మార్పు వినబడదు.

వేరియబుల్ ఫ్రేమ్‌రేట్ వల్ల వచ్చిన తేడాకు ఈ మార్గం పనికిరాదు. అక్కడ జారుడు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మొత్తాన్ని ఒకే నిష్పత్తితో లాగితే చివర కలుస్తుంది, మధ్యలో తప్పుతుంది.

## ఆరో మార్గం: ముందు మాస్టర్, తర్వాత డెలివరీ ఫైలు

టైమ్‌లైన్ నుంచి నేరుగా హెచ్.264 తీయకుండా ముందు ప్రోరెస్ 422 లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లో (నాణ్యత పెద్దగా పోని భారీ ఫార్మాట్లు), కుదించని పీసీఎమ్ ధ్వనితో మాస్టర్, అంటే మూల ఫైలు తీయాలి. ఆ మాస్టర్ నుంచి హెచ్.264 తయారవుతుంది. మాస్టర్‌లో ప్రతి ఫ్రేము విడిగా నిలబడుతుంది, ధ్వనిలో ఎన్‌కోడర్ ఖాళీలు ఉండవు, కాబట్టి ఫ్రేముల సంఖ్య టైమ్‌లైన్‌తో అచ్చంగా కలవాలి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది రోగం ఎక్కడుందో చూపించే గుణం. మాస్టరే తప్పుగా వస్తే తప్పు టైమ్‌లైన్‌లోనో సోర్స్‌లోనో ఉంది. మాస్టర్ సరిగ్గా ఉండి హెచ్.264 తప్పితే తప్పు ఎన్‌కోడర్‌లోనో కంటైనర్‌లోనో ఉంది. అలా తేలితే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ (గ్రాఫిక్స్ చిప్‌తో చేసేది) ఆపి సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌తో ఒకసారి తీసి చూడండి. ప్రీమియర్‌లో ఇది పర్ఫార్మెన్స్ గడిలో ఉంటుంది.

దీనికి ఖర్చయ్యేది డిస్కు చోటు. 1080 రిజల్యూషన్, 29.97 ఫ్రేములకు ప్రోరెస్ 422 సెకనుకు దాదాపు 147 మెగాబిట్లు. పది నిమిషాలకు 11 జీబీ, గంటకు 66 జీబీ.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | ఏ తేడాకు | నాణ్యత నష్టం | సమయం | ప్రాజెక్టు కావాలా |
|---|---|---|---|---|
| వదిలేయడం | 50 మిల్లీసెకన్ల లోపు, టైమ్‌కోడ్ తేడా | లేదు | లేదు | వద్దు |
| రేంజ్ సరిచేయడం | చివర నలుపు, మధ్యలో ఆగడం | లేదు | ఒక రెండర్ | కావాలి |
| రీమక్స్ | హెడర్ తప్పు, లేబుల్ తప్పు | లేదు | నిమిషాలు | వద్దు |
| సోర్స్ మార్చడం | పోనుపోను జారడం | కొద్దిగా | క్లిప్పుల సంఖ్యను బట్టి | కావాలి |
| సాగదీయడం | స్థిర నిష్పత్తి | ఉంటుంది | ఒక రెండర్ | వద్దు |
| మాస్టర్ | కారణం తేలనప్పుడు, ఫ్రేము తేడా ఒప్పుకోనప్పుడు | కనబడదు | రెండు రెండర్లు | కావాలి |

## ఎవరికి ఏది

ఫోన్‌లో తీసి ఫోన్‌లోనే ఎడిట్ చేసేవాళ్లకు మొదటి రెండు మార్గాలు చాలు. ముగింపు క్లిప్, మిగిలిపోయిన ధ్వని ముక్క, ప్లేయర్ కుదింపు, ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది. పది నిమిషాలకు మించిన మాటల వీడియోలు తీసేవాళ్లు మాత్రం కెమెరా యాప్‌లో స్థిర ఫ్రేమ్‌రేట్ ఎంపిక ఉందేమో చూసుకోవాలి.

పాఠాలు, స్క్రీన్ రికార్డింగులు చేసేవాళ్లు నాలుగో మార్గాన్ని అలవాటుగా పెట్టుకోవడం మంచిది. గంట రికార్డింగును రాత్రి హ్యాండ్‌బ్రేక్‌లో వేసి పొద్దున ఎడిటింగ్ మొదలుపెడితే, చివర్లో పెదవులు కలపడానికి గంటలు పోగొట్టుకునే పని ఉండదు. బొమ్మ, ధ్వని మధ్య ఎంత ఎడం వరకు ఫర్వాలేదన్నదానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు బీటీ.1359 ఒక కొలత ఇస్తుంది: ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవాళ్లు గుర్తుపట్టడం మొదలవుతుంది. మీ వీడియో చివరి నిమిషంలో ఎడం ఇంతకన్నా తక్కువుంటే మార్చాల్సిన పని లేదు.

టీవీకో ప్రకటనలకో ఫైళ్లు ఇచ్చేవాళ్లకు ఆరో మార్గం తప్ప వేరేది చెప్పలేను. వాళ్లు అడిగేది సెకన్లలో ఉన్నా లెక్క ఫ్రేముల్లోనే. 25 ఫ్రేముల్లో 30 సెకన్లంటే 750 ఫ్రేములు, 751 కాదు. మాస్టర్ ఫ్రేముల సంఖ్యను రాసి ఫైలుతో పాటే పంపండి.

సబ్‌టైటిళ్లు కట్టేవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్ల దగ్గరికి వీడియో వచ్చేసరికి ప్రాజెక్టు ఎవరి దగ్గరో ఉంటుంది. వీడియోను మార్చే బదులు సబ్‌టైటిల్ ఫైలునే నిష్పత్తితో సాగదీయడం తేలిక. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్‌రేట్ మార్చే ఎంపికలో పాతది, కొత్తది ఇస్తే సరిపోతుంది. చేసేముందు మొదటి మాటను, చివరి మాటను వీడియోతో పోల్చండి. రెండుచోట్లా ఎడం ఒకటే ఉంటే నిష్పత్తి జోలికి పోవద్దు, మొత్తాన్ని ఆ కాసిని సెకన్లు ముందుకో వెనక్కో జరపండి. మొదట్లో కలిసి చివర్లో తప్పితేనే ఫ్రేమ్‌రేట్ మార్చండి. 23.976కు కట్టిన సబ్‌టైటిల్‌ను 25 వీడియోకు మార్చేటప్పుడు పాతది 24 అని ఇస్తే గంటన్నర సినిమాలో చివరి డైలాగు ఐదు సెకన్లకు పైగా తప్పుతుంది. కాబట్టి పాత అంకెను కూడా మీడియాఇన్ఫోలో చూసే ఇవ్వండి.